నాలుగుసార్లు ఎందుకు? డీయిసైడ్ ‘ఇన్సినరేట్‌హిమ్’ మీద ఒక ఫిర్యాదు

డెత్ మెటల్ (హోరు గిటార్లు, గాండ్రింపు గొంతుల రాక్ సంగీతం) వినని వాళ్లు “అన్ని పాటలూ ఒకేలా ఉంటాయి కదా, ఎలా వింటారు బాబూ” అంటే వినేవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఏళ్ల తరబడి అదే సంగీతం వింటున్నవాళ్లు కూడా ఒక ఆల్బమ్‌ని చూపించి ఆ మాటే అన్నారంటే మాత్రం నిజంగానే ఎక్కడో తేడా కొట్టిందన్నమాట. డీయిసైడ్ అన్న అమెరికా బ్యాండ్ 2000లో తెచ్చిన ‘ఇన్సినరేట్‌హిమ్’ సంగతి అలాంటిదే. పది పాటలు, అరగంట పైచిలుకు. అంతసేపు కూడా పట్టి కూర్చోబెట్టలేదు. ఏడో పాట మొదలయ్యేసరికి ఇది ఇందాక విన్నదేనా అని ప్లేయర్ వైపు చూసుకోవాల్సి వస్తుంది.

ఏ ఊరూ పేరూ లేని బ్యాండ్ అయితే వదిలేయొచ్చు. డీయిసైడ్‌ని అలా వదిలేయలేం. 1987లో ఫ్లోరిడాలోని టాంపాలో పుట్టి, మొదట్లో ఆమన్ అన్న పేరుతో డెమోలు తీసి, 1990లో బ్యాండ్ పేరుతోనే తొలి ఆల్బమ్, 1992లో ‘లీజియన్’ ఇచ్చినవాళ్లు. ‘లీజియన్’లో ఎనిమిదే పాటలు, మొత్తం అరగంట కూడా లేదు. ఈ రోజుకీ దాన్ని గిటార్ మీద నేర్చుకుందామని కూర్చున్నవాళ్లకి చుక్కలు కనిపిస్తాయి. ఒక రిఫ్ (తిప్పితిప్పి వాయించే చిన్న గిటార్ వరస) చేతికి పట్టుబడేలోపు పాట మూడు రిఫ్‌లు దాటిపోయి ఉంటుంది.

మనుషులు మారారు కాబట్టి సంగీతం మారిందని కూడా అనలేం. బాస్, గొంతు గ్లెన్ బెంటన్. గిటార్లు ఎరిక్, బ్రయన్ హాఫ్‌మన్ అన్నదమ్ములు. డ్రమ్స్ స్టీవ్ ఆషీమ్. 1990 నుంచి 2004 దాకా ఈ నలుగురే. ‘లీజియన్’ వాయించిన ఎనిమిది చేతులే ఎనిమిదేళ్ల తర్వాత ‘ఇన్సినరేట్‌హిమ్’ వాయించాయి.

దీని మీద అప్పటినుంచీ వినిపించే విమర్శ “మళ్లీమళ్లీ అదే వాయించారు” అని. ఆ మాట సగమే నిజం. మళ్లీమళ్లీ వాయించడం తప్పయితే డెత్ మెటలే ఉండదు, ఆ మాటకొస్తే మన సంగీతమూ ఉండదు. త్యాగరాజ కృతి పల్లవిని ఐదారుసార్లు పాడతారు, ఎవరూ విసుక్కోరు. సాహిత్యం అదే, తాళం అదే, ప్రతిసారీ ఒక కొత్త సంగతి వచ్చి చేరుతుంది. మొదటిసారి కింద నిలబడి ఉన్న వరస నాలుగోసారికి తారషడ్జం దాకా వెళ్లి వస్తుంది. కాబట్టి ఎన్నిసార్లు తిప్పారన్నది అసలు ప్రశ్న కాదు. తిప్పిన ప్రతిసారీ ఏం చేర్చారు, తిప్పడానికి ఎంతసేపు తీసుకున్నారు అన్నవే ప్రశ్నలు. ‘ఇన్సినరేట్‌హిమ్’ రెండింటిలోనూ తప్పింది. రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, నా లెక్కలో అసలు దెబ్బ అక్కడే తగిలింది.

లెక్క చూద్దాం. ఒక రిఫ్ రెండు బార్లు అనుకోండి, బార్‌కి నాలుగు బీట్లు. నాలుగుసార్లు వాయిస్తే 8 బార్లు, అంటే 32 బీట్లు. నిమిషానికి 240 బీట్ల వేగంలో అది 8 సెకన్లలో అయిపోతుంది. 120 వేగంలో 16 సెకన్లు పడుతుంది. రిఫ్ నాలుగు బార్లదైతే 16, 32 సెకన్లు. కాగితం మీద రెండూ “నాలుగుసార్లు” అనే రాసుకుంటారు. చెవికి మాత్రం రెంటికీ పోలికే లేదు. రిఫ్‌ని మొదటిసారి విన్నప్పుడు చెవి దాన్ని పట్టుకుంటుంది, రెండోసారి గుర్తుపడుతుంది, మూడోసారి ముందే ఊహించి కూర్చుంటుంది. నాలుగోసారికి పని ఉండదు. వేగంగా పోయే పాటలో ఆ పనిలేని సమయం రెండు సెకన్లే కాబట్టి తెలియదు. నెమ్మది పాటలో నాలుగు బార్ల రిఫ్ అయితే అది 8 సెకన్లు. పాటలో అలాంటివి ఆరేడు పోగైతే ముప్పావు నిమిషం పైగా చెవి ఖాళీగా కూర్చున్నట్టే.

మొత్తం పాటకి ఇదే లెక్క కట్టండి. మూడున్నర నిమిషాలంటే 210 సెకన్లు. ఒక్కో భాగానికి 16 సెకన్లయితే పాటలో 13 భాగాలు పడతాయి. 32 సెకన్లయితే ఆరు, మహా అయితే ఏడు. ఆ ఏడింటిలో కోరస్ మూడుసార్లు వస్తుంది, చరణం రెండుసార్లు వస్తుంది. మిగిలేవి రెండు. అంటే మూడున్నర నిమిషాలకి చేతిలో ఉన్న సరుకు నాలుగు రిఫ్‌లు.

డీయిసైడ్ చేసింది సరిగ్గా ఇదే. 1995 నాటి ‘వన్స్ అపాన్ ద క్రాస్’తో పాటల కట్టుబడి తేలిక కావడం మొదలైంది. 1997లో ‘సర్పెంట్స్ ఆఫ్ ద లైట్’ వచ్చేసరికి చరణం, కోరస్, చరణం, కోరస్ అన్న చట్రం స్థిరపడింది. అయితే అందులో ఊపు తగ్గలేదు. పాటలు పొట్టి, వేగం ఎక్కువ, చట్రం అయిపోయే లోపే పాట అయిపోయేది. 2000లో చట్రాన్ని అలాగే ఉంచి వేగాన్ని దించారు. నాలుగుసార్లు తిప్పడమన్న అలవాటు మాత్రం పోలేదు. వేగం సగానికి పడినప్పుడు తిప్పడాలు కూడా తగ్గించాలి, లేదంటే తిప్పిన ప్రతిసారీ కింద ఏదో కదపాలి. రెండూ జరగలేదు.

కింద కదపడం అంటే ముందు డ్రమ్స్. ఒకే రిఫ్ కింద డ్రమ్మర్ దగ్గర కనీసం నాలుగు దారులుంటాయి. స్నేర్‌నీ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) కిక్‌నీ (కాలితో తొక్కే పెద్ద డ్రమ్) ఒకదాని వెంట ఒకటి వేగంగా కొట్టే బ్లాస్ట్ బీట్ ఒకటి. కిక్, స్నేర్, కిక్, స్నేర్ అంటూ గుర్రం పరుగులా పోయే థ్రాష్ బీట్ రెండోది. రెండు కాళ్లూ కిక్‌ని ఆపకుండా తొక్కుతుంటే స్నేర్ మూడో బీట్ మీద మాత్రమే పడే హాఫ్‌టైమ్ మూడోది. గిటార్ కొట్టిన చోటే కొట్టి మధ్యలో నిశ్శబ్దం వదలడం నాలుగోది. గిటారిస్ట్ ఒక్క నోటు మార్చక్కర్లేదు. హాఫ్‌టైమ్‌లో రిఫ్ రెండింతలు బరువుగా వినిపిస్తుంది, బ్లాస్ట్‌లో అదే రిఫ్‌కి కత్తి పదును వస్తుంది. ఆషీమ్‌కి ఇవన్నీ వెన్నతో పెట్టిన విద్య. తొలి రెండు ఆల్బమ్‌లలో ఒక రిఫ్ రెండుసార్లు తిరిగేలోపే కింద బీట్ మారిపోతుంది. ‘ఇన్సినరేట్‌హిమ్’లో రిఫ్ మొదలైనప్పుడు ఏ బీట్ దొరికితే దాదాపు చివరిదాకా అదే. మధ్యలో ఒక ఫిల్ (చిన్న డ్రమ్ విరుపు), ఒక క్రాష్ (పెద్ద తాళం మోత), మళ్లీ అక్కడికే. అంత డ్రమ్మర్‌ని కూర్చోబెట్టి టిక్‌టిక్‌మని తాళం వేసే మెట్రోనోమ్ పని చేయించారనిపిస్తుంది.

గొంతు విషయం ఇంకా స్పష్టం. పాత ఆల్బమ్‌లలో బెంటన్ గొంతుని రెండు పొరలుగా రికార్డు చేసేవారు. కింద లోతైన గ్రౌల్ (గాండ్రింపు), దాని మీదే చెవులు చిల్లులు పడే కేక. ఒక్కోచోట రెండూ కలిసి, ఒక్కోచోట విడివిడిగా, ఒకటి అడిగితే ఇంకొకటి జవాబిచ్చినట్టు వచ్చేవి. అంటే రిఫ్ మారకపోయినా పైన జరిగేది మారేది. ఈ ఆల్బమ్‌లో చాలావరకు కింది గొంతే. దానికి తోడు మాటల నడక రిఫ్ నడకని అంటిపెట్టుకుని పోతుంది. రిఫ్ ఎక్కడ కొడితే అక్కడ ఒక మాట. గొంతు రిఫ్‌కి ఎదురు తిరగదు, ముందే అందుకోదు, ఆలస్యంగా రాదు. ఇక హాఫ్‌మన్ అన్నదమ్ముల సోలోలు. వాటిని అందమైనవని ఎవరూ అనరు, పూనకం వచ్చినట్టు వాయించేవాళ్లు. అయితే ఆ గందరగోళమే పాట మధ్యలో కిటికీ తెరిచేది. ఇక్కడ అవీ తగ్గాయి.

ఇన్ని పొరలు తీసేశాక మిగిలేది రిఫ్ ఒక్కటే. అప్పుడు రిఫ్ మీద పడే బరువు మామూలుది కాదు, అది మోయగలిగేలా ఉండాలి. ఈ ఆల్బమ్‌లో రిఫ్‌లు ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో పుట్టినవి. అన్నిటికంటే కింది తీగని అరచేతి అంచుతో నొక్కి ఖాళీగా కొట్టడం, మధ్యమధ్య మొదటి ఫ్రెట్ (గిటార్ మెట్టు), మూడో ఫ్రెట్, ఆరో ఫ్రెట్ తాకి మళ్లీ ఖాళీ తీగకి రావడం. మొదటి ఫ్రెట్ అంటే అరస్వరం దూరం, ఆరో ఫ్రెట్ అంటే ట్రైటోన్, ఆరు అరస్వరాల దూరం. డెత్ మెటల్ భయమంతా ఈ రెండు దూరాల్లోనే ఉంటుంది కాబట్టి అవి వాడటం తప్పు కాదు. ప్రతి రిఫ్‌కీ ఇల్లు అదే ఖాళీ తీగ కావడమే చిక్కు. పాట మారినా ఆధార స్వరం మారదు. దీన్ని పట్టుకోవడానికి గిటార్ రానక్కర్లేదు. పాట అయిపోగానే అందులోని అతి కింది స్వరాన్ని గొంతులో కూనిరాగంలా పట్టి ఉంచండి, తర్వాతి పాట మొదలవ్వనివ్వండి. గొంతు కదపకుండానే కలిసిపోతే ఇల్లు మారలేదన్నమాట. అలా మూడు పాటలు వరసగా కలిశాయంటే, నాలుగోది ఎంత మంచిదైనా చెవి దాన్ని కొత్తదిగా లెక్కపెట్టదు.

ఈ పరీక్షని ఇంకొంచెం పద్ధతిగా చేయాలనుకుంటే ఒక కాగితం, ఫోన్‌లో ట్యాప్ టెంపో (వేలితో బీట్ కొడితే వేగం చూపించేది) ఉన్న మెట్రోనోమ్ చాలు. నాలుగు నిలువు గడులు గీయండి: రిఫ్ మొదలైన సమయం, ఎన్నిసార్లు తిరిగింది, డ్రమ్స్ ఎన్నిసార్లు మారాయి, గొంతు ఏం చేసింది. కొత్త రిఫ్‌కి క, ఖ, గ అని పేరు పెట్టుకోండి, పాతది వస్తే పాత అక్షరమే రాయండి. బీట్ కొట్టేటప్పుడు స్నేర్‌ని నమ్మి మోసపోకండి. హాఫ్‌టైమ్‌లో స్నేర్ సగం వేగంలో పడుతుంది, కాబట్టి మెట్రోనోమ్ 200 పాటని 100 అని చూపిస్తుంది. గిటార్ చేతి వేగాన్నో హై హ్యాట్‌నో పట్టుకుని కొట్టాలి. ‘లీజియన్’ నుంచి ఒక పాట, దీంట్లోంచి ఒక పాట పక్కపక్కన రాస్తే వాదన అక్కర్లేదు. మొదటిదానికి కాగితం సగం నిండుతుంది, మూడో గడిలో అంకెలుంటాయి. రెండోదానికి క, ఖ, క, ఖ, గ, ఖ అని ఒక్క వరసలో పని అయిపోతుంది.

రికార్డింగ్ గురించి రెండు మాటలు, ఎందుకంటే తప్పంతా దాని మీదకి నెట్టేసేవాళ్లూ ఉన్నారు. గిటార్ డిస్టార్షన్ ఎంత పెంచితే మీటు మొదలు అంత మొద్దుబారుతుంది. నెమ్మది రిఫ్‌లో నోటుకీ నోటుకీ మధ్య ఉండాల్సిన ఖాళీ ఆ హోరులో నిండిపోతుంది. ఎడమ, కుడి గిటార్లు రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే వాయిస్తే శబ్దం వెడల్పవుతుంది గానీ విషయం పెరగదు. ఇదంతా నిజమే, ఈ ఆల్బమ్‌కి కొంత వర్తిస్తుంది కూడా. కానీ శబ్దం ఎంత బాగున్నా క, ఖ, క, ఖ మారదు కదా.

పాటల విషయం ఎప్పుడూ క్రైస్తవ వ్యతిరేకతే, అదీ ఒక కారణమంటారు. ఆ వాదన నాకు రుచించదు. జీవితమంతా ఎక్కువగా వేంకటేశ్వరుడి మీదే రాసిన అన్నమయ్యని మనం విసుక్కోలేదు, ఎదురు పక్షానికీ ఆ మాత్రం అవకాశం ఇవ్వాలి. 1990లోనూ బెంటన్ తిట్టింది అదే దేవుణ్ణి, అప్పుడెవరికీ విసుగు పుట్టలేదు.

సమర్థించేవాళ్లు చెప్పేదాంట్లో ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఏ పాటని విడిగా తీసి విన్నా పెద్ద లోపం కనిపించదు. మొదటి పాట ‘బైబిల్ బ్యాషర్’ ఒక్కటే వింటే తల దానంతటదే ఊగుతుంది. వేదిక మీద కూడా ఇలాంటి నెమ్మది రిఫ్‌లే జనాన్ని కదిలిస్తాయి, ‘లీజియన్’ పాటలకి అడుగు కలపడం ఎవరి తరం? ఆల్బమ్‌గా విన్నప్పుడే చిక్కు. మొదటి రెండు పాటలు ఒకే నడకలో ఉంటే చెవి ఆ నడకకి అలవాటుపడుతుంది, మూడోది కూడా అదే అయితే వినడం మానేస్తుంది. అంచేత “ఇది గ్రూవ్ (తల ఊపించే నడక) ఆల్బమ్, నెమ్మదిగా ఉండటమే దాని ఉద్దేశం” అన్న జవాబు నిలబడదు. గ్రూవ్ ఆల్బమ్‌కి వేగం తక్కువ కాబట్టే తేడాలు ఎక్కువ కావాలి.

నెమ్మదిగా ఉండి నిలబడ్డవి లేవా అంటే, ఉన్నాయి. అదే టాంపా నుంచి ఆబిట్యురీ 1990లో ఇచ్చిన ‘కాజ్ ఆఫ్ డెత్’ చూడండి. రిఫ్‌లు మోటు, తిప్పడాలు ఎక్కువ. పైన జేమ్స్ మర్ఫీ సోలోలు రాగం తీసినట్టు సాగి, ఆ మోటు రిఫ్‌ని మూడోసారి కొత్తగా వినిపిస్తాయి. కింద వేగం కూడా పాట మధ్యలో ఒక్కసారిగా కూలబడుతుంది, ఆ కూలడమే ఒక సంఘటన. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ బ్యాండ్ బోల్ట్ త్రోయర్ అయితే కెరీర్ అంతా ఒకే నడకలో యుద్ధం గురించే వాయించింది. వాళ్ల కిటుకు చిన్నది: రిఫ్ ముందు ఒక గిటార్ మీద, తర్వాత రెండూ కలిసి, తర్వాత దాని పైన ఒక చిన్న మెలొడీ గీత. అంతే, మూడు మెట్లు. 2005లో ‘దోజ్ వన్స్ లాయల్’ తర్వాత ఇంకో ఆల్బమ్ రాయడం మొదలుపెట్టి, దాన్ని మించేలా రావడం లేదని పక్కన పెట్టేశారు. ఆ తర్వాత మరొకటి రానే లేదు.

పక్కన పెట్టే వెసులుబాటు డీయిసైడ్‌కి ఉందా అన్నది వేరే ప్రశ్న. రోడ్‌రన్నర్ రికార్డు కంపెనీకి ఇవ్వాల్సిన ఆల్బమ్‌లు అప్పటికి ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ కంపెనీ చూపు అప్పటికే పక్కకి మళ్లింది. 1999లో స్లిప్‌నాట్ తొలి ఆల్బమ్, 2001లో నికెల్‌బ్యాక్ ‘సిల్వర్ సైడ్ అప్’ వేసిన కంపెనీకి టాంపా డెత్ మెటల్ ఎన్నో స్థానంలో ఉంటుందో చెప్పక్కర్లేదు. 2001లోనే డీయిసైడ్ ‘ఇన్ టార్మెంట్ ఇన్ హెల్’ ఇచ్చి ఆ లెక్క తేల్చుకుంది. ఎనిమిది పాటలు, మరింత బురద శబ్దం, ఒప్పందం వదిలించుకోవడానికి హడావిడిగా చేసేశారన్న మాట ఆ ఆల్బమ్‌కి అప్పటినుంచీ ఉంది. అది ఇంకా నాసిరకం. అయినా నాకు ‘ఇన్సినరేట్‌హిమ్’ మీదే ఎక్కువ కోపం. రెండోది చేతులు దులుపుకున్న ఆల్బమ్ అని వినగానే తెలుస్తుంది. మొదటిది శ్రద్ధగా వాయించారు, రాయడమే మానేశారు.

మన దగ్గర బ్యాండ్ పెట్టి రిఫ్‌లు రాసుకుంటున్న కుర్రాళ్లకి ఇందులో పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. పాట వేగం 140 కంటే దిగితే నాలుగుసార్లు అన్నచోట మూడుసార్లు వాయించి చూడండి. నాలుగే కావాలంటే నాలుగోదాని ఆఖరి బార్‌ని మార్చి తర్వాతి రిఫ్‌లోకి దించండి. మూడోసారికి డ్రమ్స్ మారాలి. రెండో గిటార్ కనీసం ఒక్కసారి మూడో స్వరం దూరంలో జోడుగా వెళ్లాలి, లేదా పూర్తిగా ఆగిపోయి బాస్‌ని ఒంటరిగా వదలాలి. వరసగా రెండు పాటలు ఒకే ఖాళీ తీగ మీద ముగిసి మొదలవకుండా పాటల క్రమం వేసుకోవాలి. జామ్ రూమ్‌లో (సాధన గదిలో) ఇవేవీ తెలియవు, ఎందుకంటే వాయించేవాడికి నాలుగోసారి కూడా హాయిగానే ఉంటుంది. ఫోన్‌లో రికార్డు చేసి, రెండు రోజులాగి, గిటార్ పట్టుకోకుండా విన్నప్పుడు ఎక్కడ చెయ్యి ఫోన్ వైపు వెళ్తుందో అక్కడ ఒక తిప్పడం కొట్టేయాలి. సరుకు తక్కువైతే ఈపీ (కొద్ది పాటల చిన్న ఆల్బమ్) వేసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. హైదరాబాద్ బ్యాండ్ గాడ్‌లెస్ 2016లో, 2018లో రెండు ఈపీలు తెచ్చాకే 2021లో పూర్తి ఆల్బమ్ ‘స్టేట్స్ ఆఫ్ ఖేయాస్’ ఇచ్చింది.

డీయిసైడ్ కథ అక్కడితో ఆగలేదు. 2004లో ఇయరేక్ కంపెనీలో ‘స్కార్స్ ఆఫ్ ద క్రుసిఫిక్స్’ వచ్చింది, వేగం తిరిగొచ్చింది, అదే ఏడాది హాఫ్‌మన్ అన్నదమ్ములు వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో కానిబల్ కార్ప్స్ నుంచి జాక్ ఓవెన్, ఆయనకి తోడుగా రాల్ఫ్ శాంటొల్లా వచ్చి 2006లో ‘ద స్టెంచ్ ఆఫ్ రిడెంప్షన్’ వాయించారు. అందులోనూ చరణం, కోరస్ చట్రమే, రిఫ్‌లు తిరుగుతూనే ఉంటాయి. తేడా అంతా శాంటొల్లా సోలోలది. పొడుగ్గా, రాగం ఎక్కడికి పోతోందో తెలిసి వాయించిన సోలోలు. అవి నడుస్తున్నంతసేపు కింద రిఫ్ ఆరుసార్లు తిరిగినా లెక్కపెట్టాలన్న ధ్యాసే రాదు. ఇంతా చదివి కూడా ‘ఇన్సినరేట్‌హిమ్’ వినాలనుకుంటే దీని తర్వాత పెట్టుకోకండి, ‘సర్పెంట్స్ ఆఫ్ ద లైట్’ తర్వాత పెట్టుకోండి. మొదటి మూడు పాటలు విని, ఒక గంట ఆగి, చివరి రెండూ వినండి. మధ్యలో ఉన్న అయిదింటి కోసం ఎవరూ తొందరపడక్కర్లేదు.